పెట్టెలో వెలిగిన బల్బు

ఆ కబురు వచ్చేసరికి నేనూ అత్తయ్యా ఒకే భూతద్దంలోంచి ఒకే కాయిల్‌ని చూస్తున్నాం. షాపు ముందు గదిలోంచి మావయ్య వేసిన కేకకి ఇద్దరి తలలూ ఠప్పున కొట్టుకున్నాయి.

"మనకే! పార్కు మనకే ఇచ్చారు!"

అత్తయ్య తల రుద్దుకోలేదు. ముందు కాయిల్‌ని డబ్బాలో పెట్టి మూత బిగించింది. వెంట్రుకంత సన్నటి రాగితీగ, పొద్దుటి నుంచి చుడుతున్న చుట్టు. ఇల్లు కూలిపోతున్నా ముందు కాయిల్‌కి మూత పెట్టి ఆ తర్వాతే పరుగెత్తాలన్నది ఆవిడ పద్ధతి. మూత బిగిసిందని నమ్మకం కుదిరాక, "ఎన్ని ఆదివారాలండీ?" అని అడిగింది.

"ఎనిమిది! వేసవి మొత్తం!"

మా పెళ్ళయి అప్పటికి పందొమ్మిది రోజులు. రోజులు లెక్కపెట్టుకునే దశలోనే ఉన్నాను. అత్తయ్య ముందు ఆయన్ని 'మీరు' అనడం, మేడమెట్ల మీద 'నువ్వు' అనడం, ఒక్కోసారి రెండూ కలిపేసి నాలుక కరుచుకోవడం, అన్నీ సరదాగానే ఉండేవి. కింద షాపు, పైన ఇల్లు. షాపులో మైకులు, స్పీకర్లు అద్దెకిస్తారు, రిపేర్లు చేస్తారు. పెళ్ళిచూపుల్లో మా ఆయన, "మా ఇంట్లో చప్పుడు ఎక్కువండీ," అని ముందే హెచ్చరించారు. నేను ఫిజిక్స్ చదివినదాన్ని, చప్పుడంటే నాకు భయమేంటి అనుకున్నాను.

పార్కులో గుండ్రటి వేదిక ఒకటి ఉంది. వేసవిలో ప్రతి ఆదివారం సాయంత్రం ఆరు నుంచి ఏడున్నర దాకా అక్కడ పాటలు పాడతారు. ఊళ్ళో సగం మంది గడ్డి మీద కూర్చుని వింటారు. ఆరేళ్ళుగా అక్కడ మైకులు పెట్టే పని వెనకవీధి కంపెనీ చేస్తోంది. ఇప్పుడు మావయ్యకి వచ్చింది.

"పార్కు సెక్రటరీ గారు ఒక్కటే మాటన్నారు," అన్నారు మావయ్య నవ్వుతూ. "శబ్దం బాగున్నన్నాళ్ళూ మీరే. జనం చెవులు మూసుకున్నారంటే మాత్రం, ఆ పై వారం నుంచి మళ్ళీ వాళ్ళే."

"మన శబ్దానికి చెవులు మూసుకునేదెవరు నాన్నా," అన్నారు మా ఆయన.

"అదే నేనూ అన్నాను."

అంటూ మావయ్య వెనక గదిలోకి వెళ్ళి, అక్కడున్న రెండు పెద్ద స్పీకర్ పెట్టెల మీద చెరో చెయ్యి వేసి నిలబడ్డారు. వాటిని ఆయనే కోసి, మేకులు కొట్టి, రంగువేసి తయారుచేశారు. లోపలి కాయిల్స్ అత్తయ్య చుట్టింది. మా ఆయన పుట్టడానికి ఏడాది ముందు సంగతి అది. వరసకి నాకు బావగార్లు అవుతారు కదా అని నేను వాటిని అలాగే పిలిచేదాన్ని. ఎడమ బావగారు, కుడి బావగారు. మొదటిసారి అన్నప్పుడు అత్తయ్య నవ్వు ఆపుకోలేక టీ గ్లాసు కింద పెట్టేసింది.

*

ఆ బావగార్లతో నా పరిచయం గొప్పగా ఏమీ మొదలవలేదు. ఆ వారమే, అన్నీ సరిచూస్తున్నప్పుడు, సాయం చేద్దామని నేను ముందు ఆంప్లిఫయర్ నొక్కి, తర్వాత మైకుల శబ్దాలన్నీ కలిపే మిక్సర్ నొక్కాను. ధబ్! రెండు పెట్టెల్లోనూ కాగితపు గరాటుల్లాంటి కోన్‌లు ముందుకు ఎగిరిపడ్డాయి. ముగ్గురూ మూడు గదుల్లోంచి పరుగెత్తుకొచ్చారు.

మావయ్య తిట్టలేదు. నా అరచేతిని తీసి కోన్ మీద మెల్లగా ఆనించారు.

"నువ్వు నిద్రపోతుంటే ఎవరైనా వచ్చి చెంప మీద ఒక్కటిస్తే ఎలా ఉంటుంది తల్లీ? దీనికీ అంతే. నువ్వు ఏది ఆన్ చేసినా చిన్న కుదుపొస్తుంది. ఆంప్లిఫయర్ అప్పటికే మేలుకుని ఉంటే ఆ కుదుపుని వందింతలు చేసి దీని మొహాన కొడుతుంది. అందుకని ఆంప్లిఫయర్ అన్నిటికంటే చివర ఆన్ కావాలి. ఆపేటప్పుడు అన్నిటికంటే ముందు ఆగాలి."

"మా చిన్నాన్నని గుర్తుపెట్టుకో, చాలు," అన్నారు మా ఆయన. "పనికి అందరికంటే చివర వస్తాడు, అందరికంటే ముందు వెళ్ళిపోతాడు."

"వినపడిందిరా!" అని వీధిలోంచి చిన్న మావయ్య గొంతు. మా వ్యాన్ నడిపేది ఆయనే. అప్పుడే వచ్చారు. మధ్యాహ్నం పన్నెండు.

ఇంకోరోజు నా చదువు కూడా చూపించుకున్నాను. "ఆంప్లిఫయర్ వంద వాట్లు, స్పీకర్ రెండొందలు. కాబట్టి ఎంత పెంచినా స్పీకర్‌కి ఏమీ కాదు కదా మావయ్యా?"

ఆయన కళ్ళు మెరిశాయి. చెవి మీది పెన్సిల్ తీసి, పాత పేపర్ అంచున కొండలూ లోయలూ ఉన్న గీత ఒకటి గీశారు. "ఇది పాట. ఇప్పుడు చిన్న ఆంప్లిఫయర్‌ని దాని శక్తికి మించి అరవమన్నామనుకో..." అత్తయ్య కత్తెర తీసుకుని కొండల శిఖరాలన్నీ చకచకా కత్తిరించేశారు. కొండలన్నీ బల్లల్లా చదునైపోయాయి. "తలలు తెగుతాయి. ఆ తెగిన అంచులు ఎక్కడికెళ్తాయనుకున్నావ్? సన్నటి శబ్దాలు పలికే చిన్న స్పీకర్ ఉందే, ట్వీటర్, సూటిగా దాని మీదకి. కాయిల్ మాడిపోతుంది. పెద్ద ఆంప్లిఫయర్ సుతారంగా నడిస్తే ఏం కాదు. చిన్నది గొంతు చించుకుంటేనే ప్రమాదం."

"నా కత్తెర!" అంది అత్తయ్య. "గుడ్డకి తప్ప వాడొద్దని ఎన్నిసార్లు చెప్పాను?"

ఆ పేపర్ ముక్కల్ని నేను పోగుచేసి డైరీలో పెట్టుకున్నాను. ఇప్పటికీ ఉన్నాయి.

కానీ నాకు అన్నిటికంటే నచ్చింది బల్బు. ట్వీటర్‌కి వెళ్ళే తీగకి మధ్యలో, పెట్టె లోపల, మావయ్య ఒక చిన్న కారు బల్బు కలిపారు. మామూలుగా అది వెలగదు. కరెంటు మోతాదు మించితే వెలుగుతుంది. వేడెక్కిన కొద్దీ దాని నిరోధం పెరిగి, ట్వీటర్ మీద పడాల్సిన దెబ్బలో కొంత తనమీద వేసుకుంటుంది. ఈ నిరోధం గురించి నేను మూడు పరీక్షల్లో రాశాను. మూడుసార్లూ మార్కులొచ్చాయి. అది ఇంత దయగల సూత్రమని మాత్రం ఎవరూ చెప్పలేదు.

"అలాగని దాని మీదే భారం వేయకూడదు," అన్నారు మావయ్య. "అదేపనిగా వెలుగుతుంటే అదీ కాపాడలేదు. వెలిగిందంటే, బాబూ తగ్గించు అని అర్థం."

అంతలో ఆయన చేతి గడియారం కీచుమంది. గంటగంటకీ కీచుమంటుంది అది. ఇంట్లో అందరం ఉలిక్కిపడి చూసేవాళ్ళం, ఆయన మాత్రం పనిలోంచి తలెత్తేవారు కాదు. ఎంత ఏకాగ్రతో అని ముచ్చటపడేదాన్ని.

*

మొదటి ఆదివారం బ్రహ్మాండంగా జరిగింది. సోమవారం అత్తయ్య పెట్టె విప్పి చూస్తే ఎడమ బావగారి ట్వీటర్ పలకడం లేదు. లోపలి పల్చటి రేకు కింద కాయిల్ నల్లగా మాడి ఉంది.

"పాత సరుకు కదా," అన్నారు మావయ్య.

"అవును, పాతదే," అంది అత్తయ్య. కొత్త కాయిల్ చుట్టి సాయంత్రానికి పెట్టేసింది.

రెండో ఆదివారం సెక్రటరీ గారు మా దగ్గరికొచ్చి చెవిలో వేలు తిప్పుకుంటూ, "కొంచెం గుచ్చుకుంటోందండీ. ముందు వరసలో పెద్దావిడ లేచి వెనక్కి వెళ్ళిపోయారు," అన్నారు. సోమవారం చూస్తే ఈసారి కుడి బావగారు.

"ఇది కూడా పాతదేనా?" అన్నారు మా ఆయన.

అత్తయ్య భూతద్దంలోంచి తలెత్తలేదు. "ఆ మాట మాటిమాటికీ ఎందుకు? ఆ రాగితీగ ఇలా అందుకో."

మూడో ఆదివారం నేను మిక్సర్ దగ్గర కాకుండా ముందుకెళ్ళి, ఎడమ బావగారి పక్కన గడ్డి మీద కూర్చున్నాను. వేణువు వాయించే ఆయన పొడుగు, వేణువు పొట్టి, చూడటానికి భలే ఉంది. పొద్దు వాలింది. గడ్డి చల్లబడింది. అప్పుడు చూశాను. పెట్టె అడుగున గాలి కోసం వదిలిన గుండ్రటి కంతలోంచి నారింజ రంగు వెలుగు. వేణువు పైకి వెళ్ళినప్పుడల్లా ఎక్కువవుతోంది, కిందికి దిగితే తగ్గుతోంది. లోపల ఎవరో కూర్చుని దీపం పెట్టుకుని చదువుకుంటున్నట్టుంది. అంత అందమైన సంగతి కనిపెట్టింది నేనేనని పొంగిపోయి, మనుషుల కాళ్ళ మధ్య నుంచి పరుగెత్తుకుంటూ మిక్సర్ దగ్గరికొచ్చాను. మా ఆయన చెయ్యి పట్టుకుని లాగాను.

"బావగారు వెలుగుతున్నారు! రా చూద్దువుగాని!"

ఆయన మొహంలో నవ్వు ఆగిపోయింది. "ఎంతసేపట్నించి?"

"పాట మొదలైనప్పట్నించీ."

ఆయన మిక్సర్ వైపు చూశారు. నేనూ చూశాను. సన్నటి శబ్దాల్ని పెంచే ట్రెబుల్ బటన్ కుడివైపుకి ఇంక తిరగనంత దాకా తిరిగి ఉంది. మావయ్య మిక్సర్ ముందు కుర్చీలో నిటారుగా, చెవి వేదిక వైపు ఒగ్గి, కళ్ళు సగం మూసుకుని ఉన్నారు.

"నాన్నా, సన్నశబ్దం కాస్త ఎక్కువైందేమో."

"ఎక్కువా?" అన్నారు మావయ్య విసుగ్గా. "వేణువు అసలు వినపడటం లేదే! గాలి ఊదినట్టుంది తప్ప."

సరిగ్గా అప్పుడు ఏడయింది. ఆయన చేతి గడియారం కీచుమంది. నేను గడియారం వైపు చూశాను. మా ఆయనా చూశారు. పక్కన గడ్డి మీద ఒకావిడ ఒళ్ళో ఉన్న పసిపిల్ల కూడా తల తిప్పి చూసింది.

మావయ్య వేదిక వైపే చూస్తున్నారు.

*

"నేను చెప్పలేను," అన్నారు మా ఆయన, మర్నాడు మేడమెట్ల మీద. "కోన్ మీద వేలితో తడితే కాయిల్ ఎక్కడ రాసుకుంటోందో చెప్పే మనిషి. ఆ కుర్చీలోంచి లేవమని నేనెలా చెప్తాను? ఏ మొహం పెట్టుకుని చెప్తాను?"

"చెప్పకపోతే పార్కు పోతుంది."

"చెప్తే నాన్న పోతారు." ఆ మాట అన్నాక ఆయనకే భయం వేసినట్టుంది. "అంటే... నువ్వు ఆయన్ని ఆ కుర్చీలో చూశావుగా."

చూశాను. పాట జరుగుతున్నంతసేపూ ఆయన మొహంలో ముడతలు ఉండవు.

పైమెట్టు మీద ఆరిన బట్టల బుట్టతో అత్తయ్య నిలబడి ఉంది. ఎంతసేపట్నించి ఉందో.

"నాకు రెండేళ్ళ నుంచీ తెలుసు," అంది.

మేమిద్దరం వెనక్కి తిరిగి చూశాం.

"వంటింట్లో గ్యాస్ బుస్సుమంటుంటే పక్కనే నిలబడి కూడా కట్టేయలేదు. అప్పుడు అర్థమైంది. లావు గొంతులు బాగానే వినపడతాయి, మనం మాట్లాడేదీ వినపడుతుంది. సన్నటివే జారిపోతున్నాయి."

"ఆయనతో అనొచ్చుగా అమ్మా?"

"ఏమనను?" అత్తయ్య బుట్ట కింద పెట్టింది. "కాయిల్ కాలితే కొత్తది చుట్టగలను. దీనికేం చుట్టను?"

మళ్ళీ బుట్ట ఎత్తుకుని లోపలికి వెళ్ళిపోయింది. ఆ రోజు నాకు మా ఆయన్ని 'నువ్వు' అనాలనీ అనిపించలేదు, 'మీరు' అనాలనీ అనిపించలేదు. పక్కన కూర్చుని ఆయన చొక్కా బొత్తాం తిప్పుతూ ఉండిపోయాను.

*

నాలుగో ఆదివారానికి మేమిద్దరం ఒక పథకం వేశాం. చాలా గొప్ప పథకమని అప్పట్లో అనుకున్నాం. నేను బావగారి పక్కన కూర్చుంటాను. బల్బు వెలగగానే తల గోక్కుంటాను. మావయ్య పక్కన నిలబడ్డ మా ఆయన అది చూసి, ఏదో వంకతో ట్రెబుల్ కాస్త తగ్గిస్తారు.

బ్రహ్మాండంగా పనిచేసింది. ఆ సాయంత్రం పాడినావిడది గాజులాంటి గొంతు. నేను గోక్కున్నంతగా ఎవరూ ఏ కచేరీలోనూ తల గోక్కుని ఉండరు. నా పక్కనున్న ముసలాయన మెల్లగా ఓ జానెడు దూరం జరిగాడు. చివర్లో సెక్రటరీ గారు వచ్చి మావయ్య చేతులు రెండూ పట్టుకుని, "ఇదండీ శబ్దమంటే!" అన్నారు. మావయ్య వంగి నమస్కారం పెట్టారు.

తిరిగొచ్చేటప్పుడు వ్యాన్‌లో మావయ్య ముందు సీట్లో కూర్చున్నారు. మలుపు దగ్గర మావయ్య వెనక్కి తిరిగారు.

"అమ్మాయీ, తలలో పేలు పడ్డాయా?"

"లేదు మావయ్యా."

"మరి నువ్వు తల గోక్కున్నప్పుడల్లా నా పక్కన వీడికి దోమ కుడుతోంది. దోమని తోలుతూ ట్రెబుల్ మీద చెయ్యేస్తున్నాడు. ఏం దోమరా అది?"

మా ఆయన కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నారు. చిన్న మావయ్య అవసరం లేకపోయినా హారన్ కొట్టారు.

*

సోమవారం మావయ్య ఎవర్నీ పిలవకుండా పెట్టెలు తనే విప్పారు. రెండు ట్వీటర్లూ చెక్కుచెదరలేదు. వాటిని చాలాసేపు చూశారు. సాయంత్రం మమ్మల్ని ముగ్గుర్నీ రిపేరు బల్ల దగ్గరికి రమ్మన్నారు. చేతి గడియారం విప్పి బల్ల మీద, స్క్రూల డబ్బా పక్కన పెట్టారు. నాలుగు కావడానికి ఇంకా నిమిషం ఉంది.

"కూర్చోండి," అన్నారు.

కూర్చున్నాం. బయట ఏదో బండి వెళ్ళింది. ఆ నిమిషం ఎంతకీ అవదు. నేను గడియారం వైపు చూడకూడదని గట్టిగా నిశ్చయించుకుని గోడ మీది తీగచుట్టల్ని లెక్కపెట్టడం మొదలుపెట్టాను. పదకొండు దాకా వచ్చాను.

గడియారం కీచుమంది. నా కళ్ళు వాటంతటవే అటు తిరిగాయి. తలెత్తి చూస్తే మావయ్య గడియారాన్ని చూడటం లేదు. మా మొహాల్ని చూస్తున్నారు.

"మోగిందా?" అన్నారు.

"మోగిందండీ," అంది అత్తయ్య.

"గంటగంటకీనా?"

"గంటగంటకీ."

ఆయన గడియారాన్ని మళ్ళీ చేతికి పెట్టుకున్నారు. పట్టీ కంతలో ముల్లు పడటానికి కొంచెంసేపు పట్టింది. "ఇన్నాళ్ళూ ఆపమని ఒక్కళ్ళూ అనలేదే. మంచి మనుషులే అందరూ," అన్నారు. గొంతులో కోపం లేదు. మా ఆయన భుజం తట్టి, "వచ్చే ఆదివారం నుంచి కుర్చీ నీదిరా. నేను పక్కన నిలబడి దోమలు తోలతాను," అన్నారు.

మా ఆయన స్క్రూల డబ్బాని అటూ ఇటూ జరిపారు. అత్తయ్య కాయిల్ డబ్బా మూత తెరిచింది, మళ్ళీ మూసింది. లోపల ఏమీ లేదు.

పెద్దవాళ్ళ మధ్య కొత్తకోడలు నోరు విప్పొచ్చో లేదో నాకు తెలీదు. కానీ నిన్న గడ్డి మీద కూర్చుని నేను చేసిన పని ఎంత చిన్నదో అప్పుడే తట్టింది. నేనేమీ వినలేదు. నేను చూశాను, అంతే.

"మావయ్యా, ఆ బల్బు మీకే కనపడితే?"

"అది పెట్టె అడుగున కదమ్మా. నా కుర్చీకీ దానికీ మధ్య రెండొందల తలలు."

"పైన పెడితే? తలలకి పైన?"

ఆయన నావైపు చూశారు. తర్వాత కుడి బావగారి వైపు. లేచి వెళ్ళి పెట్టె పై అంచు నుంచి నాలుగువేళ్ళు కిందికి కొలిచి, చెవి మీది పెన్సిల్‌తో ఒక చుక్క పెట్టారు. వెనక్కి ఏడెనిమిది అడుగులు నడిచారు, గోడ తగిలేదాకా. ఒక కన్ను మూసి ఆ చుక్కని చూశారు.

"వెలిగితే తగ్గించడం," అన్నారు, తనలో తాను. "ఆరితే వదిలేయడం. దీనికి చెవితో పనేముంది?"

"పాట ఎలా ఉండాలో మీకు తెలుసు," అంది అత్తయ్య. "ఎక్కడ ఎక్కువైందో అది చెప్తుంది. ఇందులో ఎవరికి చిన్నతనం?"

"ఉత్త బల్బు బాగోదు. ముందు అద్దం ఉండాలి."

"మన పాత సైకిల్ దీపం అటక మీద ఉందిగా," అంది అత్తయ్య. ఆ సైకిల్ మీద వెనక కూర్చుని ఆవిడ ఈ ఊరొచ్చిందట. చెప్తూ నాలాగే సిగ్గుపడింది, చూసి నాకెంత సంతోషం వేసిందో! "ఇంక రెండో పెట్టెకే దీపం కావాలి."

"చిన్నాన్న సైకిల్‌ది పీకేద్దాం," అన్నారు మా ఆయన. ఆయన గొంతు మళ్ళీ మామూలుగా వినపడింది. "ఇంక మా అన్నలిద్దరికీ కళ్ళు నెత్తికెక్కుతాయి."

మావయ్య అప్పటికే రెండో పెట్టె మీద చుక్క పెడుతున్నారు.

"రేపు పొద్దున్నే మొదలుపెడదాం. రేపు షాపు తీయం. నువ్వు డ్రిల్ పట్టు, మీ అమ్మ టంకం వేస్తుంది. అమ్మాయి నా కుర్చీలో కూర్చుని కనపడుతోందో లేదో చెప్తుంది. దీపం తెమ్మని మీ చిన్నాన్నకి కబురు పెట్టు." అని ఒక్క క్షణం ఆగి, పెన్సిల్ చెవి మీద పెట్టుకున్నారు. "రేపొక్కరోజు ఆంప్లిఫయర్‌లా కాదు, మిక్సర్‌లా రమ్మన్నానని చెప్పు."